నాకొచ్చిన గుడ్లగూబ బిరుదు

ఆ రోజుల్లో ప్రపంచం మునిగిపోబోతోందని అందరూ గట్టిగా నమ్మేవారు. దాన్ని గట్టెక్కించే భారం మా మీదే ఉందని మేము ఇంకా గట్టిగా నమ్మేవాళ్ళం. మేమంటే మరెవరో కాదు, అమీర్‌పేటలో ఏదో మెట్ల కింద గదిలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని, సర్టిఫికెట్ మీద సిరా ఆరకముందే విమానం ఎక్కేసిన కుర్రాళ్ళం. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ అది పంతొమ్మిది వందలనుకుని మతి తప్పుతాయనీ, లిఫ్టులు మధ్యలో ఆగిపోతాయనీ, విమానాలు దారి మరిచిపోతాయనీ పత్రికలు రాస్తుంటే, తణుకులో మా మేనత్త "మావోడు ఆస్ట్రేలియాలో దాన్నే బాగుజేత్తన్నాడండి" అని వీధి వీధంతా చెప్పుకునేది. నేను చేసేదల్లా సిడ్నీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కూర్చుని, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోట నాలుగంకెలు పెట్టడం, పెట్టాక అది పనిచేస్తోందో లేదో చూడటం. (ఇంత చిన్న పనికి ఇంత పెద్ద పేరు రావడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు.)

సిడ్నీ శివార్లలో, గిరావీన్‌లో ఒక ఇంటి వెనక గ్రానీ ఫ్లాట్ అనే చిన్న వాటాలో నేనూ, గుంటూరు బావా ఉండేవాళ్ళం. బావ నాకు ఏ వరసా కాడు. అతను కనిపించిన ప్రతివాణ్ణీ బావా అంటాడు కాబట్టి మేమూ అతన్ని అలాగే పిలిచేవాళ్ళం. ముందున్న పెద్ద ఇల్లు ఫిజీ ఆంటీది. ఆవిడ తాతలు చెరుకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు. అక్కడ ప్రభుత్వం తలకిందులయ్యాక ఆంటీ కుటుంబం సిడ్నీ వచ్చి స్థిరపడింది. ఇల్లు అద్దెకిచ్చినందుకు కృతజ్ఞతగా మేము ఆవిడకి ఆదివారాల్లో గడ్డి కోసిపెట్టేవాళ్ళం, ఆ గడ్డి కోత చూసి ఆవిడ నిట్టూర్చేది. ఇంతకీ నా అసలు బెంగ వేరే ఉంది. నా కాంట్రాక్టు ఆ డిసెంబరు ఆఖరుతో సరి. ఆ తర్వాత ప్రపంచం మిగిలితే మా అవసరం ఉండదు, మిగలకపోతే మేమే ఉండం. మా మేనేజరు మంచి మాట చెప్పి, హెడ్డాఫీసువాళ్ళు సంతకం పెట్టి, కంపెనీ నన్ను స్పాన్సర్ చేస్తేనే నేను ఆ దేశంలో ఉండేది. లేకపోతే తణుకు వెళ్ళి, ప్రపంచాన్ని కాపాడిన అనుభవంతో మా మేనమామ ఎరువుల కొట్లో కూర్చోవాలి.

అందుకని మేనేజరు మనసు గెలవడానికి నాకు తెలిసిన ఒకే ఒక్క విద్యను రోజూ ప్రయోగించేవాణ్ణి. ఆయన ఏమడిగినా "నో ప్రాబ్లం సార్" అనడం. మనకి పెద్దవాళ్ళు అడిగేది ఎప్పుడూ ప్రశ్న కాదు కదా. "ఏరా, కాస్త బజారుకెళ్ళొస్తావా" అంటే చెప్పులేసుకోమని. "ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందా" అంటే రెండు రోజుల్లో అవ్వాలని. నేను హైదరాబాదులో పనిచేసిన చిన్న కంపెనీలో, కాదు అనే మాటను ఉద్యోగం మానేసే రోజున తప్ప ఎవరూ వాడగా వినలేదు. మరీ చేయలేని పనైతే "చూద్దాం సార్" అనేవాళ్ళం, అది ఎంత కటువుగా ఉంటుందో ఆ రోజు సాయంత్రానికి టీ కొట్టు దగ్గర చెప్పుకునేవాళ్ళు. ఇంతటి సంస్కారంతో నేను సిడ్నీలో దిగాను.

ఆ ఏడు డిసెంబరు మొదట్లో ఒక మీటింగు జరిగింది. అప్పటికే ఆఫీసులో క్రిస్మస్ సందడి మొదలైంది. అక్కడ డిసెంబరంటే నడివేసవి, బయట ఎండకి తారు కరుగుతుంటే లోపల ప్లాస్టిక్ చెట్టుకి దూదితో మంచు అతికించారు. మేనేజరు అందరినీ కూర్చోబెట్టి, కొత్త సంవత్సరానికి ముందు సిస్టం మొత్తానికి ఒక పూర్తి రిహార్సల్ చేయాలనీ, గడియారాలు ముందుకి తిప్పి రోజంతా నడిపి చూడాలనీ చెప్పాడు. మెషిన్ క్రిస్మస్ నాడు ఖాళీగా దొరుకుతుందని హెడ్డాఫీసు అంటోందట. ఆయన తల గోక్కుంటూ నా వైపు చూసి, "టెస్టింగ్ వాళ్ళు మీరేమంటారు? క్రిస్మస్ రోజున వీలవుతుందా?" అన్నాడు. అప్పటికి కాంట్రాక్టు కుర్రాళ్ళందరిలో నేనే ముందు చేరినవాణ్ణి కాబట్టి, ఆ లెక్కన అనధికార పెద్దని. లేచి నిలబడి (అక్కడ మీటింగుల్లో ఎవరూ లేచి నిలబడరు, నేను నిలబడేవాణ్ణి) "నో ప్రాబ్లం సార్, ఎవ్రీవన్ విల్ కమ్" అన్నాను. గదంతా నిశ్శబ్దమైపోయింది. అది నా అంకితభావానికి జనం ఇస్తున్న గౌరవమని నేను అనుకున్నాను. మేనేజరు కాసేపు నన్నే చూసి, "అందరూనా" అన్నాడు. "అందరూ సార్" అని ఖాయం చేశాను.

మర్నాటి నుంచి నాకు కొత్త పేరొచ్చింది. మొదలుపెట్టింది మా ఆపరేషన్స్‌లో పనిచేసే పెద్దావిడ. జుట్టంతా నెరిసిన మనిషి, ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడవాలో నిర్ణయించేది ఆవిడే, మేమంతా మాలో మేము ఆవిడని పెద్దమ్మ అనుకునేవాళ్ళం. పొద్దున్నే కాఫీ కలుపుకుంటుంటే నన్ను చూసి, నవ్వకుండా, "మార్నింగ్, టిక్‌విట్" అంది. మధ్యాహ్నానికి ఫ్లోరంతా టిక్‌విట్ అనడం మొదలుపెట్టారు. ఎవరో నా బల్ల మీద ఆగిపోయిన చిన్న అలారం గడియారం ఒకటి పెట్టి వెళ్ళారు. పాపం బ్యాటరీ అయిపోయిన సంగతి చూసుకోలేదనుకుని, నేను కొత్త బ్యాటరీ తెచ్చి వేశాను. అది చూసి అటువైపు కూర్చున్నవాళ్ళు బల్ల మీద తల పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పేరేమిటని పక్క సీటు కుర్రాణ్ణి అడిగితే, అదొక కార్టూన్‌లో పాత్ర పేరనీ, ఏదో పాత పిల్లల పుస్తకం నుంచి తీశారనీ, ఏటా డిసెంబరులో టీవీలో వస్తుందనీ, ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ అది కంఠస్థమనీ చెప్పాడు. "మొత్తం కథంతా అతని మీదే నడుస్తుంది మేట్" అన్నాడు. కథంతా ఎవరి మీద నడుస్తుందో వాణ్ణి మనం హీరో అంటాం కదా.

మా ఊళ్ళో ముద్దుపేరు లేని మనిషంటే ఎవరికీ అక్కర్లేని మనిషని లెక్క. పేరు పెట్టారంటే కలుపుకున్నారన్నమాట. కలుపుకున్నారంటే స్పాన్సర్‌షిప్ కూడా వచ్చేసినట్టే. ఈ తర్కంలో నాకు ఎక్కడా లోపం కనిపించలేదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. "ఆ పేరుకి అర్థమేంట్రా" అని మేనత్త అడిగితే, "వాళ్ళ టీవీలో పెద్ద హీరో అత్తా, పిల్లలకి ప్రాణం" అన్నాను. అంతటితో ఊరుకుంటే పోయేది. ఈమెయిళ్ళ కింద నా పేరు తీసేసి టిక్‌విట్ అని సంతకం పెట్టడం మొదలుపెట్టాను. ఆ సంతకంతో రిహార్సల్ ఏర్పాట్ల మెయిలు ఒకటి ఫ్లోరంతటికీ పంపాను కూడా. క్రిస్మస్ నాడు పొద్దున్నే అందరూ వేళకి రావాలని అందులో ప్రేమగా రాశాను.

మా ఫ్లోరులోనే నెట్‌వర్క్ విభాగంలో హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన భాయ్ ఒకాయన ఉండేవాడు. పెళ్ళాం పిల్లలతో అప్పటికే ఆ దేశంలో పాతుకుపోయిన మనిషి. ఆ మెయిలు చూసి నా బల్ల దగ్గరికొచ్చి, "ఏం మియా, గా పేరు నీకు నచ్చిందా?" అన్నాడు.

"నచ్చకేం భాయ్, మన కష్టం గుర్తించారు కదండి."

"సరే తీయ్. ఆ కార్టూన్ ఈ ఆదివారం టీవీల వస్తది. ఒక్కసారి చూడు. జర ధ్యానం పెట్టి చూడు."

ఇన్నేళ్ళుగా ఉన్నా ఈయనకి ఏ పేరూ పెట్టలేదు, అందుకే ఈ కుళ్ళు, అనుకున్నాను. కానీ చూడమన్న సలహా మాత్రం బాగా నచ్చింది. ఒక్కణ్ణే చూడటం దేనికి, నలుగురినీ పిలిచి చూపిస్తే పోలా అనిపించింది. ఫిజీ ఆంటీ ఇంట్లో పెద్ద టీవీ ఉంది. ఆవిడ సరేనంది. చుట్టుపక్కలున్న తెలుగు కుటుంబాలన్నిటినీ పిలిచాను, భాయ్‌ని కూడా సకుటుంబంగా రమ్మన్నాను, కుళ్ళుకున్నా సరే చూడనీ అని.

ఆదివారం సాయంత్రం ఆంటీ హాలు నిండిపోయింది. ఆంటీ గిన్నెడు భజియాలు వేసింది, బావ పులిహోర కలిపాడు. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ పక్కన నిలబడి, ఆఫీసులో తెల్లవాళ్ళు నాకు ఈ కథానాయకుడి పేరు పెట్టారనీ, ఇది నాకొక్కడికే కాదు, తెలుగువాళ్ళందరికీ దక్కిన మర్యాద అనీ నాలుగు ముక్కలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. భాయ్ మాత్రం భజియా మీదే దృష్టి పెట్టాడు.

కార్టూన్ మొదలైంది. కొండ కింద ఒక చిన్న ఊరు, ఊరి మధ్య గడియారం స్తంభం. క్రిస్మస్ ముందురోజు జనమంతా పాడుకుంటూ, దీపాలు కట్టుకుంటూ తిరుగుతున్నారు. స్తంభం పైనుంచి ఒక ముసలి గుడ్లగూబ విసుగ్గా కిందికి చూస్తోంది. ఈకలు ఊడిపోయి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒకరి సుఖం చూడలేని మొహం దానిది. దాని పేరు టిక్‌విట్. ఈ గోల పడలేక అది గడియారం ముల్లు పట్టుకుని ఆపేసింది. ఇక తెల్లారదు, క్రిస్మస్ రాదు. పిల్లలు కిటికీల దగ్గర కూర్చుని ఏడుస్తున్నారు. గుడ్లగూబ పైన కూర్చుని తృప్తిగా లెక్కలు రాసుకుంటోంది.

కాసేపటికి బావ మెల్లగా, "ఇదేంది బావా, గుడ్లగూబ గదా" అన్నాడు. ఆంటీ భజియాల గిన్నె కింద పెట్టి, "ఇంటి మీద గూబ వాలితే మా నానమ్మ ఇల్లంతా కడిగించేది బాబూ" అని, తర్వాత నా మొహం చూసి, "ఇది టీవీలో గూబే లే" అని సర్దింది. ముందు వరసలోంచి ఆంటీ మనవరాలు వెనక్కి తిరిగి, నాకు అర్థం కాలేదేమోనని విడమరిచి చెప్పింది. "నోబడీ లైక్స్ హిమ్, అంకుల్. దట్స్ ద స్టోరీ."

నేను వరండాలోకి వెళ్ళిపోయాను. భాయ్ వెనకే వచ్చాడు. "చెప్దామనే వచ్చిన ఆ రోజు. నువ్వు ఖుషీల ఉన్నవని చెప్పలే" అన్నాడు.

"ఒక్క రోజు పనికి రమ్మంటే ఇంత కోపమా భాయ్? మనకి దీపావళికి సెలవుందా చెప్పండి."

"నాకు క్రిస్మస్ పండుగ కాదు. కానీ నా పిల్లలకు బీచ్‌కు తీస్కపోత అని మాటిచ్చిన. నాది పోనీయ్. ఆ పెద్దమ్మ కొడుకు పెర్త్ నుంచి వస్తున్నడు. రెండేండ్ల సంది తల్లీ కొడుకులకు మాటల్లేవంట. మొదటిసారి వస్తున్నడు. ఒక్క క్రిస్మస్ రోజే ఉంటడు, మర్నాడు షిఫ్ట్ ఉంది పోతడు. ఆమె లేకుంటే రిహార్సల్ నడవది. నువ్వేమో ఎవ్రీవన్ విల్ కమ్ అన్నవ్."

"మరి ఆ రోజు ఎవరూ కాదనలేదేంటి?"

"టెస్టింగోళ్ళు రెడీ అని హెడ్డాఫీసుకు అప్పుడే ఫోన్ పోయింది కదా. ఇప్పుడు మేం రామంటే, ప్రపంచం మునుగుతుంటే వీళ్ళకు కేకు కావాల్నా అంటరు."

నాకు సిగ్గేసింది. దాని వెనకే భయం వేసింది. పెద్దమ్మ పొద్దున్నే నవ్వకుండా నన్ను పలకరించిన తీరు గుర్తొచ్చింది. లోపల కార్టూన్‌లో జనం తెల్లారకపోయినా పొయ్యి వెలిగించుకుని, చీకట్లోనే వండుకుని, గుడ్లగూబకి కూడా ఒక పళ్ళెం పెట్టి పిలిచారట. అది సిగ్గుపడి దిగొచ్చి, తుప్పు పట్టిన ముల్లుని రెక్కలతో తనే తోసి తెల్లవారేలా చేసిందట. ఇదంతా తర్వాత బావ చెప్పాడు. "చివరాఖరికి మంచోడేలే బావా" అని ఓదార్చాడు కూడా.

మర్నాడు మా ఇంటి దగ్గరి పెండిల్ హిల్ స్టేషన్లో రైలెక్కి, ఆఫీసు చేరేదాకా ఒక్క మాట సాధన చేశాను. నో. ఒక్కక్షరం మాట, అది నోట్లోంచి రావడానికి నా వంశంలో ఎవరూ దారి వేసి పెట్టలేదు. "చూద్దాం" వస్తోంది, "ట్రై చేస్తాం" వస్తోంది, "తప్పకుండా, కానీ" వస్తోంది. ఎదురుగా కూర్చున్నాయన నేను పెదవులు కదపడం చూసి సీటు మారాడు. మేనేజరు గదిలోకి వెళ్ళి, చేతులు కట్టుకుని, "సార్, క్రిస్మస్ రోజున... నో సార్" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "నో అంటే?"

"ఎవరూ రాలేరు సార్. మా టెస్టింగ్ వాళ్ళు కూడా. వేరే రోజు చూడండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నాకు ఆ వారం బీచ్ దగ్గర ఉండటానికి కారవాన్ బండి బుక్ అయి ఉంది" అన్నాడు. "నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. నువ్వు కాదంటావనే నిన్ను అడిగాను. నువ్వు కాదంటే హెడ్డాఫీసుకి అదే చెప్పి వేరే రోజు ఇమ్మందామనుకున్నాను. నువ్వేమో లేచి నిలబడి అందరినీ తెచ్చేస్తానన్నావు."

"మీరు అడిగారు కదా సార్."

"అడిగాను. అది ప్రశ్న, మేట్."

ఇరవయ్యేళ్ళు దాటి బతికిన నాకు, పెద్దవాడు అడిగేది ఒక్కోసారి నిజంగానే ప్రశ్న అయ్యే అవకాశం ఉందని ఆ రోజే మొదటిసారి తెలిసింది. అయితే ఆయన మాట ఇంకా పూర్తికాలేదు. ఇప్పుడు రోజు మార్చాలంటే హెడ్డాఫీసుకి కారణం రాయాలి. టెస్టింగ్ వాళ్ళు ముందు సరేనని తర్వాత కాదన్నారని రాయాలి, దాని కింద నా పేరుండాలి. "నీ స్పాన్సర్‌షిప్ కాగితం కూడా వాళ్ళ బల్ల మీదే ఉంది. అది తెలిసే చెప్తున్నావా?" అని అడిగాడు. ఇదైతే ప్రశ్నే. గుర్తుపట్టాను. మేనమామ కొట్లో యూరియా బస్తాల మధ్య నేను కూర్చుని ఉన్న దృశ్యం, ఆ వాసనతో సహా, కళ్ళ ముందు కనిపించింది. పెద్దమ్మ మొహం కూడా కనిపించింది. "రాసుకోండి సార్, నో ప్రాబ్లం" అన్నాను.

హెడ్డాఫీసు రెండు రోజులు ఏమీ అనలేదు. ఆ రెండు రోజులూ నేను అన్నం తిన్నానో లేదో బావనే అడగాలి. తర్వాత ఒక ముక్క వచ్చింది. రిహార్సల్ క్రిస్మస్‌కి ముందు శనివారానికి మార్చారు, మెషిన్ ఆ రోజు కూడా ఖాళీయేనట (ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్ళు చెప్పలేదట). నా కాగితం గురించి మాత్రం ఏమీ లేదు. ఆ శనివారం అందరూ వచ్చారు. అన్నీ సజావుగా నడిచాయి. సాయంత్రం పెద్దమ్మ నా బల్ల దగ్గరికొచ్చి, "క్రిస్మస్‌కి ఏం చేస్తున్నావు, టిక్‌విట్?" అంది. పేరు అదే, ఈసారి మాత్రం నవ్వింది. ఏమీ లేదన్నాను. "అయితే మా ఇంటికి భోజనానికి రా."

క్రిస్మస్ నాడు, సిడ్నీ చివర పెన్రిత్‌లో వాళ్ళ ఇంటి పెరట్లో, గొడుగు నీడన పొడవాటి బల్ల వేశారు. ఎండ మండిపోతోంది. ఆవిడ భర్త మాంసం కాల్చే బార్బీ పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. పెర్త్ కొడుకు ఆవిడ కంటే రెండడుగులు పొడవున్నాడు, అమ్మ పక్కనే కూర్చుని, ఆవిడ ఏం చెప్పినా తలూపుతున్నాడు. ఆవిడ మాటిమాటికీ వాడి చెయ్యి తడుముతోంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. నన్ను చూపించి, "ఇతనే" అంది వాడితో. వాడు లేచి నాకు చెయ్యిచ్చాడు. నాకు ఎటు చూడాలో తెలియక పళ్ళెంలోకి చూశాను.

భోజనాలయ్యాక ఆవిడ లోపల్నుంచి ఒక పెద్ద పళ్ళెం తెచ్చింది. తెల్లగా పొంగిన తీపి వంటకం, దాని మీద మీగడ, మీగడ మీద బంగారు రంగు మామిడిపండు ముక్కలు. మా తణుకు వదిలాక మామిడిపండు వాసన తగలడం అదే మొదటిసారి. నా నోట్లో నీళ్ళూరాయి. ఆవిడ మొట్టమొదట నా దగ్గరికే వచ్చి, "కొంచెం పెట్టనా?" అంది. మర్యాద తెలిసినవాణ్ణి కాబట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "నో, నో, చాలు" అన్నాను. ఆవిడ బతిమాలుతుంది, నేను మళ్ళీ వద్దంటాను, ఆవిడ నా మాట వినకుండా వడ్డించేస్తుంది, నేను మొహమాటంగా మొత్తం తింటాను. తరతరాలుగా ఇలాగే జరుగుతోంది.

"సరే" అంది ఆవిడ. పళ్ళెం తీసుకుని పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను చూస్తూ కూర్చున్నాను. పళ్ళెం బల్ల చుట్టూ తిరిగింది. పెర్త్ కొడుకు రెండుసార్లు వేయించుకున్నాడు. చివరి మామిడి ముక్కని ఎవరి చంటిపిల్లో చేత్తో తీసుకుంది. నో అన్నది నెల పొడుగునా కష్టపడి నేర్చుకున్న మాట. ఆ దేశంలో అది ఒక్కసారి అంటే చాలునని, నిజంగా పనిచేస్తుందని, అప్పుడు తెలిసింది.

కొత్త సంవత్సరం వచ్చింది, లిఫ్టులు ఆగలేదు, విమానాలు దారి తప్పలేదు, కాంట్రాక్టుని రెండు నెలలు పొడిగించారు, ఫిబ్రవరిలో నా కాగితం మీద సంతకమూ పడింది. ఇప్పుడు తణుకులో కంటే ఇక్కడే ఎక్కువ ఏళ్ళు బతికినవాణ్ణి. అవుననడం, కాదనడం రెండూ చక్కగా వచ్చు, వేళకి తగ్గట్టు. అయినా ఆ పెరట్లో, ఇస్త్రీ చొక్కాలో చెమటలు పట్టి, వెళ్ళిపోతున్న పళ్ళెం వైపు మెడ తిప్పి చూస్తున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. వాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "పెట్టించుకోరా అబ్బాయ్, వీళ్ళు మళ్ళీ అడగరు" అని చెవిలో చెప్పాలనిపిస్తుంది.